ఊఁ కొట్టనిదే సాగని పాఠం

దగ్గరికి రండి, ఇట్లా నా పక్కన చాప మీద కూర్చోండి. వీపుకు గోడ కావాలంటే ఆ మూలకు జరగండి. పొయ్యి మీద ఏదైనా పెట్టి వచ్చుంటే ముందే దించి రండి, మధ్యలో లేచిపోతే నాకు కోపం వస్తుంది. నేను చెప్పబోయేది మా ఆయన ఉద్యోగం నిలిచిన సంగతి. అందులో నా సంగతి కూడా కొంచెం ఉంది. (కొంచెమేనా అని మా పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్ళు అప్పటికి పుట్టలేదు.)

ఆ రోజుల్లో కాలేజీలో పాఠం చెప్పే మనిషి ఎదురొస్తే మా వైపు జనం తలగుడ్డ తీసి పక్కకు తప్పుకునేవాళ్ళు. అంతటితో ఆగక, ఆయన చదువులో కొంత ఆయన భార్యకు కూడా అంటుకొని ఉంటుందని నమ్మేవాళ్ళు. నేను పుంగనూరులో వీధిబడిలో మూడో క్లాసు దాకా చదివినదాన్ని. ఆ పైన మా నాయన, ఆడపిల్లకు ఈ మాత్రం చాలునన్నాడు, చాలింది. అయినా మదనపల్లెలో కాపురం పెట్టిన కొత్తలో మా వీధి ఆడవాళ్ళకు టెలిగ్రాము వస్తే నేరుగా నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. నేను దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ముఖం గంభీరంగా పెట్టి, "సారు రానీ అమ్మా, దీంట్లో కొన్ని పెద్ద మాటలుండాయి" అనేదాన్ని. నాకు ఇంగ్లీషు రాదని నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మా ఆయనది కుప్పం. మా మామకు అక్కడ చింతపండు మండీ ఉండేది. ఇంటికి ఒక్కడే కొడుకు, మద్రాసుకు పోయి పెద్ద చదువు చదివి వచ్చి, మండీలో కూర్చోకుండా మదనపల్లె కాలేజీలో ఉద్యోగానికి చేరాడు. అది కూడా ఖాయం కాని ఉద్యోగం. ఏడాది పాఠం చెప్పించి చూస్తారు, మద్రాసు నుంచి పెద్దమనుషులు వచ్చి క్లాసులో కూర్చొని వింటారు, వాళ్ళకు నచ్చితే ఉంచుతారు, లేకపోతే లేదు. మా మామ ఏమీ అనలేదు కానీ మా అత్త మాత్రం మమ్మల్ని బస్సెక్కించేటప్పుడే తేల్చి చెప్పింది. "ఏడాది సూస్తా. ఆ పైన వాడు మండీకి, నువ్వు నా వంటింటికి. ఇంగ్లీషు వస్తే చింతపండులో గింజలు వాటంతట అవే రాలతాయా మే?" అని. మా అత్త చెడ్డ మనిషి కాదు. అయితే ఆమె ఇంట్లో ఆమె చెప్పకుండా చెంబు కూడా చోటు మారదు. నాకేమో మదనపల్లెలో మొదటిసారి నా చేత్తో నేను ముగ్గు వేసుకున్న వాకిలి, నాకు తోచిన చోట పెట్టుకున్న ఉప్పుజాడీ. ఆ ఉద్యోగం పోతే ఆయనకు పోయేది పాఠం ఒకటే. నాకు పోయేది ఒక ఇల్లు.

మా ఆయన చెప్పేది రాజనీతి. ప్రభుత్వం అంటే ఏమి, రాజు ఎవరు, మంత్రి ఎవరు, ఓటు అంటే ఏమి, ఇవన్నీ. అప్పటికింకా తెల్లవాళ్ళ దొరతనమే. కాలేజీ పెద్దసారు (ప్రిన్సిపాలును అందరూ అట్లాగే పిలిచేవాళ్ళు) మొదటి రోజే మా ఆయన్ను గదిలోకి పిలిచి, క్లాసులో రాజకీయం మాట్లాడకూడదు అన్నారట. రాజనీతి చెప్పాలి, రాజకీయం మాట్లాడకూడదు. ఉప్పు తగలకుండా ఊరగాయ పెట్టమంటే ఎట్లా పెడతారో మీరే చెప్పండి. బయట చూస్తే దేశమంతా ఉడుకుతూ ఉంది. క్లాసులో ఒక పక్క ఖద్దరు టోపీలు, ఇంకో పక్క ఎర్ర కండువాలు. వాళ్ళు వీళ్ళ పక్కన కూర్చోరు, వీళ్ళు వాళ్ళతో మాట్లాడరు.

ఆయనకు పాఠం ఇంట్లో ఒకసారి చెప్పి చూసుకొని పోవడం అలవాటు. వినడానికి నేను తప్ప ఎవరున్నారు? నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూనో, చెనక్కాయలు ఒలుస్తూనో కూర్చుంటే ఆయన వంటింటి గడప మీద పుస్తకం తెరిచి మొదలుపెట్టేవారు. మా పక్క వాటాలో ఒక ముసలామె ఉండేది, ఆమె భర్తకు బజారులో అత్తరు దుకాణం. నేను ఆమెను ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచేదాన్ని. ఆమె కూడా తన చాట తీసుకొని వచ్చి కూర్చునేది. మా ఆయనను చిన్నప్పుడు పెంచింది వాళ్ళ అవ్వ. కథ చెప్పి అన్నం పెట్టి నిద్ర పుచ్చేది. మన వైపు కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊఁ కొట్టాలి కదా. ఊఁ ఆగిందంటే పిల్లవాడు నిద్రపోయాడని అవ్వ కథ ఆపేస్తుంది. ఆ ఇంట్లో పెరిగిన మనిషికి మాట అంటే అదే, ఒకరు చెప్పాలి, ఒకరు ఊఁ కొట్టాలి. నేను ఊఁ అనేదాన్ని. ఖాలా వాళ్ళ ఉర్దూలో, అవునన్నట్టు, "హౌ" అనేది. ఈ ఇద్దరి మధ్య ఆయన పాఠం ఎడ్లబండిలా గలగలా పోయేది.

నాకు అర్థం కాకపోతే ఊరికే ఊఁ అనేదాన్ని కాదు. "ఊహూఁ" అనేదాన్ని. అప్పుడు ఆయన ఆగి మళ్ళీ చెప్పాల్సిందే.

"ఇంగ్లండులో రాజుండాడు" అని ఒకరోజు మొదలుపెట్టారు. "అన్నీ ఆయన పేరు మీదే జరగతాయి. ఆయన మాత్రం ఏమీ చేయడు."

"ఊహూఁ" అన్నాను.

"యాల?"

"ఏమీ సేయనోడు రాజెట్లయితాడు?"

ఆయన కాసేపు దూలం వైపు చూసి, "సరే. కుప్పంలో మండీ ఎవురి పేరు మీదుండాది?" అన్నారు.

"మామ పేరు మీద."

"బీగం చెవులు ఎవురి నడుముకుండాయి?"

"అత్త నడుముకు."

"అంతే. మా నాయన రాజు. మా అమ్మ ప్రధానమంత్రి."

"ఊఁ!" అన్నాను. అంత గట్టి ఊఁ నేను అంతకు ముందు అనలేదు.

"హౌ!" అంది ఖాలా. "మా ఇంట్లో భీ అంతే సాబ్. దుకాణం బోర్డు మీద పేరు ఆయనది, సందూకు చావీ నాది."

నాకు ఇంకో సందేహం వచ్చింది. "మరి ప్రధానమంత్రి మనకు నచ్చకపోతే?"

"ఓట్లేసి దించొచ్చు."

"మనింట్లో ఓట్లు యాడుండాయి?"

ఆయన గబుక్కున పుస్తకం మూసి, "ఈ పొద్దుకు పాఠం అయిపోయింది" అన్నారు.

తెలుగులో నాకు ఒప్పించాక అదే పాఠం ఇంగ్లీషులో చెప్పుకునేవారు, క్లాసులో చెప్పాల్సింది ఆ భాషలోనే కాబట్టి. దానికి కూడా నేనే ఊఁ కొట్టాను. ఎట్లా అంటారా? ఆయన గొంతు మెట్లు దిగినట్టు దిగితే వాక్యం అయిపోయిందని అర్థం, అక్కడ ఒక ఊఁ. గొంతు పైకి పోయి ఆగితే అది ప్రశ్న, అక్కడ తల ఊపాలి. అంతకంటే ఏముంది? ఇంగ్లండు రాజ్యాంగానికంతటికీ, ఒక్క అక్షరం తెలియకుండా, మొదటి నుంచి చివరి దాకా ఊఁ కొట్టిన మనిషిని నేను. మద్రాసు రాజధానిలో ఇంకెవరైనా ఉంటే చూపించండి.

ఇంట్లో ఇంత బాగా చెప్పే మనిషి కాలేజీలో మాత్రం దారుణంగా తేలిపోయారు. ఆ సంగతి చాలా రోజుల దాకా నాకు తెలియదు. కాలేజీలో పిల్లలు నిశ్శబ్దంగా ఉండాలని కట్టడి. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగేవారట. ఎవరూ ఊఁ అనరు. వినలేదేమోనని మళ్ళీ అదే వాక్యం చెప్పేవారట. మళ్ళీ నిశ్శబ్దం. ఇంక నోరు ఎండిపోయి, నల్లబల్ల తుడిచి, కిటికీలో నుంచి చూసి, ఇంకో వాక్యం. పిల్లలు ఆయనకు 'ఫుల్‌స్టాపు సారు' అని పేరు పెట్టారు. ఇంటికి వచ్చేటప్పటికి చొక్కా వీపంతా తడిసి ఉండేది. నేను ఎండకు అనుకొని మజ్జిగ ఇచ్చేదాన్ని.

దసరా సెలవులు అయినాక ఒక సాయంత్రం, బి.కొత్తకోట వైపు రైతు బిడ్డ ఒకతను, ఖద్దరు టోపీ పెట్టుకునే పిల్లవాడు, మీటింగుకు పోవడానికి సెలవు అడగాలని మా ఇంటికి వచ్చాడు. (పిల్లవాడు అంటున్నాను గానీ వయసులో నాకంటే పెద్దే.) లోపల పాఠం నడుస్తూ ఉంది. ఆ అబ్బాయి వాకిట్లో నిలబడి అంతా విన్నాడు. మా ఆయన నీళ్ళకని పెరట్లోకి పోగానే నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, లోపల మాట్లాడింది మా సారేనా?" అన్నాడు.

"కాకపోతే ఎవురప్పా?"

"క్లాసులో ఆయన నోట్లో మాటే రాదమ్మా. మాకు పరీచ్చ పోతాదని భయంగా ఉండాది. ఈడేమో ఏరు పారినట్టు చెప్తాండాడు. మీరేం చేస్తాండారు ఆయనకి?"

క్లాసులో ఎట్లా ఉంటారో అన్నీ అడిగి తెలుసుకున్నాను. "ఆగి మీ మొగాలు సూస్తాడా?" అంటే, "సూస్తాడమ్మా, అడుక్కునేవాని మాదిరి సూస్తాడు" అన్నాడు. అంతే, నాకు అర్థమైపోయింది. "యాలప్పా మీరు ఊఁ కొట్టరు?" అన్నాను. అతను నోరు తెరిచాడు. "కాలేజీలోనా?" అన్నాడు. "కాలేజీలో చెవులు వేరేగా ఉంటాయా?" అన్నాను.

మరుసటి రోజు ఏమి జరిగిందో అతనే తర్వాత చెప్పాడు. సారు మొదటి వాక్యం చెప్పి ఆగగానే టోపీ అబ్బాయి "ఊఁ" అన్నాడట. క్లాసంతా పక్కున నవ్వింది. కానీ సారు నవ్వలేదు. ముఖంలో దీపం వెలిగినట్టయి, ఆగకుండా గంట కొట్టేదాకా చెప్పారట. ఆ మరుసటి రోజు ఇద్దరు, ఆ తర్వాత బెంచీ. కురబలకోట నుంచి వచ్చే గొర్రెల కాపరుల ఇంటి అబ్బాయి, ఎర్ర కండువా, 'వాళ్ళు ఊఁ అంటే మేము అనమా' అని తన వాళ్ళనంతా లేపాడు. స్వాతంత్ర్యం మాట వస్తే టోపీల ఊఁ ఎక్కువ, కూలివాని అన్నం మాట వస్తే కండువాల ఊఁ ఎక్కువ. ఇంతకాలం ఒకరి మాట ఒకరు వినని వాళ్ళు, అవతలి పక్క ఎక్కడ ఊఁ అంటుందో చూడటానికైనా పాఠం వినడం మొదలుపెట్టారు. మా ఆయన ఇంటికి వచ్చి, "పిల్లకాయలు మారిపోయినారు. నా పాఠంలో ఏదో పట్టు వచ్చింది" అన్నారు, మీసం సవరించుకుంటూ. నేను "ఊఁ" అన్నాను. ఇంకేమీ అనలేదు.

సంతోషం శివరాత్రి దాకా నిలవలేదు. పక్క గదిలో లెక్కలు చెప్పే సారు, ఇది కాలేజీనా హరికథా అని పోయి పెద్దసారుకు చెప్పాడు. పెద్దసారు వచ్చి విని, మండిపడి, మా ఆయన క్లాసును వెనక తాటాకు కొట్టంలోకి తోసేశారు. అంతేకాదు, "మద్రాసు వాళ్ళు వచ్చే రోజు నీ క్లాసులో ఒక్క గొంతు లేచినా నీ ఉద్యోగానికి నేను పూచీ కాదు" అన్నారు. పిల్లలను వరుసగా నిలబెట్టి, నోరు తెరిస్తే పరీక్షకు పంపనన్నారు. టోపీ అబ్బాయి మా ఇంటికి వచ్చి తల దించుకొని నిలబడ్డాడు. "ఊఁ అంటే సారు ఉద్యోగం పోతాది, అనకపోతే పాఠం పోతాది. మేమేం చేయాలమ్మా?" అన్నాడు. నాకు మాత్రం ఏం తెలుసు? ఆ రాత్రి నిద్రలో మా అత్త నడుముకున్న బీగాల గుత్తి చప్పుడు వినబడింది.

మద్రాసు వాళ్ళు వచ్చే రోజు మా ఆయన అన్నం ముట్టకుండా పోయారు. కడుపులో ఏమీ లేని మనిషికి గొంతు ఎట్లా లేస్తుంది? నేను క్యారియరు కట్టుకొని, ఒక్కదాన్నే పోలేక ఖాలాను వెంట పెట్టుకొని బయలుదేరాను. ఆమె బురఖా, నా చేతిలో క్యారియరు, ఇద్దరం కాలేజీ వెనక దారి నుంచి పోయి కొట్టం దగ్గర నిలబడ్డాం. వెదురు తడికకు అవతల అంతా కనబడుతూనే ఉంది. ముందు వరుసలో పెద్దసారు. ఆయన పక్కన మద్రాసు నుంచి వచ్చిన, తలపాగా చుట్టుకున్న ముసలాయన, కళ్ళు సగం మూసుకొని. ఆయన వెనక ఇంకొకరు. పిల్లలు బొమ్మల మాదిరి కూర్చున్నారు.

మా ఆయన లేచి నిలబడి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పారు. గొంతు మెట్లు దిగింది. ఆగారు.

నిశ్శబ్దం. ఎక్కడో ఒక అబ్బాయి దగ్గబోయి ఆపుకున్నాడు. మా ఆయన మళ్ళీ అదే వాక్యం చెప్పారు. మళ్ళీ ఆగారు. పెద్దసారు కాలు ఊపడం మొదలుపెట్టారు. తలపాగా ఆయన జేబు గడియారం తీసి చూశారు. మా ఆయన సుద్దముక్కను ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. పిల్లల వైపు ఎట్లా చూశారంటే, ఆ చూపు నేను చూడలేకపోయాను.

"ఊఁ" అన్నాను.

నేను అనాలని అనలేదు. ప్రమాణం చేసి చెబుతాను, అది దానంతట అదే వచ్చింది. క్లాసంతా తడిక వైపు తిరిగింది. ఖాలా నా మోచెయ్యి పట్టుకొని, "యా అల్లా, బేటీ, ఏం చేసినావు!" అని గొణిగింది. మా ఆయన మాత్రం తల తిప్పలేదు. అందుకున్నారు చూడండి! ఇంట్లో గడప మీద కూర్చొని చెప్పినట్టే, గొంతు ఎక్కుతూ దిగుతూ, చేతులు తిప్పుతూ. దిగిన చోటల్లా నేను ఊఁ. అలవాటు చొప్పున ఖాలా "హౌ". (నన్ను తిట్టిన మనిషే!) తలపాగా ఆయన కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఆయన ఏదో పెద్ద మాట చెప్పి, పాలకుడి అధికారం గురించి కాబోలు, అది ఇంట్లో చెప్పుకున్నప్పుడు నా చెవిన పడని మాట, నాకు తెలుగులో ఒప్పించకుండా వచ్చిన మాట, గొంతు దించి ఆగారు. నేను ఇల్లనుకున్నానో, వంటిల్లనుకున్నానో, గట్టిగా "ఊహూఁ" అన్నాను.

ఈసారి పిల్లలు ఆపుకోలేకపోయారు. కొట్టం కప్పు ఎగిరేలా నవ్వారు. పెద్దసారు లేచి నిలబడ్డారు. ఆయన ముఖం చూస్తే, నా సామాను అప్పుడే కుప్పం బస్సు పైన కట్టేసినట్టే అనిపించింది. మా ఆయన చెయ్యి ఎత్తారు. ఇంట్లో నేను ఊహూఁ అంటే ఎట్లా ఎత్తుతారో అట్లాగే. నవ్వు ఆగింది. సుద్దముక్క కింద పెట్టి, ఇంగ్లీషు వదిలేసి, తెలుగులో చెప్పారు.

"ఇప్పుడు విన్నారు కదా. తడిక అవతల ఒకరు ఊహూఁ అన్నారు. నేను ఎంత చదివినోణ్ణయినా, ఎంత పెద్ద పుస్తకం పట్టుకోనుండినా, వినేవాళ్ళు ఊహూఁ అంటే నా పాఠం నిలబడదు. దొరతనం కూడా అంతే. రాజు కిరీటంలో అధికారం లేదు, తుపాకీలో లేదు. జనం ఊఁ అంటాండారు, అందుకే అది నడస్తాండాది. జనమంతా కలిసి ఒక్కసారి ఊహూఁ అంటే అది ఆ పొద్దుకే ఆగిపోతాది. దీన్నే మన పుస్తకంలో పాలితుల అంగీకారం అన్నారు."

ఆ తర్వాత, ఎవరు ముందో తెలియదు, టోపీల వైపు నుంచి, కండువాల వైపు నుంచి, ఒక్క గొంతులాగ "ఊఁ" వచ్చింది. ఈసారి అందులో వెక్కిరింత లేదు. నా ఒళ్ళు జలదరించింది. మీకు చెబుతూ ఉంటే ఇప్పుడు కూడా చూడండి, చేతి మీద వెంట్రుకలు ఎట్లా లేచాయో.

పెద్దసారు, "ఇది రాజకీయం! నేను మొదటి రోజే చెప్పాను!" అన్నారు. తలపాగా ఆయన కర్ర ఊతంగా లేచి, మెల్లగా తడిక పక్క నుంచి చుట్టూ వచ్చి మా ముందు నిలబడ్డారు. మేమిద్దరం క్యారియరు వెనక దాక్కోవడానికి చూశాం. (క్యారియరు వెనక ఎవరు దాక్కోగలరు? కానీ ఆ క్షణంలో అంత ఆలోచన ఉంటుందా?)

"యారమ్మా నీవు?" అన్నారు, అరవం కలిసిన తెలుగులో.

నేను క్యారియరు పిడి సర్దుకున్నాను. మా ఆయన అప్పటికి బయటికి వచ్చారు. నన్ను కసురుకుంటారనుకున్నాను, లేదంటే నేనెవరో తెలియనట్టు ఊరుకుంటారనుకున్నాను. ఆయన నా పక్కన వచ్చి నిలబడి, "నా భార్యండీ. నా పాఠం మొదట వినేది ఈమె. ఈమె ఒప్పుకోని మాట నేను క్లాసుకు తేను. ఈ పొద్దు ఒకటి తెచ్చినాను, పట్టుకునింది" అన్నారు.

నా పెళ్ళిలో కూడా నాకంత సిగ్గు వేయలేదు, అంత గర్వమూ వేయలేదు.

తలపాగా ఆయన నన్ను, ఖాలాను, క్యారియరును చూసి, పెద్దసారు వైపు తిరిగి, "ఆయన సొన్నది పాఠంలో ఉండేదే కదా. అర్థం కానిచోట ఊహూఁ అని సొల్లే వాళ్ళు క్లాసుకు ఒక్కరైనా వుంటే మా మద్రాసులో కూడా బాగుంటుంది" అన్నారు. తర్వాత నాతో, "ఎందాకా చదివినావమ్మా?" అన్నారు. "మూడో క్లాసండీ" అన్నాను. ఆయన గట్టిగా నవ్వి, మా ఆయన భుజం తట్టి పోయారు. పోయే ముందు ఉద్యోగం ఖాయమని పెద్దసారుతో నోటితోనే చెప్పి పోయారని సాయంత్రానికి తెలిసింది. టోపీ అబ్బాయీ, ఎర్ర కండువా అబ్బాయీ ఇద్దరూ కలిసి వచ్చి మా వాకిట్లో చెప్పారు, నేను చెబుతానంటే నేను చెబుతానని పోట్లాడుకుంటూ. ఆ పోట్లాటకు నేను ఇద్దరికీ బెల్లం పెట్టాను.

ఈ కబురు బస్సుల మీద పుంగనూరు పోయి, అక్కడి నుంచి కుప్పం చేరింది. వారం తిరగకముందే మా అత్త దిగింది. అవి బొగ్గు బస్సుల రోజులు, పెట్రోలు యుద్ధానికి పోయేది. మసి పట్టిన ముఖంతో, చంకలో చింతపండు మూటతో వాకిట్లో నిలబడి, "నా కొడుకు దొరతనానికే ఊహూఁ అన్నాడంట గదా! కుప్పం బజారంతా అదే మాట!" అని వీధికంతా వినిపించేలా అంది. కాళ్ళు కడుక్కొని, మజ్జిగ తాగి, నాలుగు దిక్కులూ చూసి, నా ఉప్పుజాడీ తీసి ఇంకో మూల పెట్టింది. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"వాడి ఉద్యోగం ఖాయమయింది, మంచిది. వాడు హోటల్లో తింటాడులే. మండీకి చింతపండు వచ్చే కాలం ఇది, మనుషులు సాలరు. నువ్వు మూట కట్టు మే, పొద్దున బస్సుకు పోదాం."

మా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చున్నారు. దొరతనానికి ఎదురు మాట్లాడిన మనిషి, ప్రధానమంత్రి ముందు ఒక్క ముక్క లేదు. నేను ఉప్పుజాడీ వైపు చూశాను. కాలేజీలో ఊహూఁ నాకు తెలియకుండా వచ్చింది. ఇది అట్లా రాలేదు, వెతికి వెతికి తీసుకోవలసి వచ్చింది.

"ఊహూఁ" అన్నాను.

"ఏమంటివి?"

"ఊహూఁ అంటినత్తా. నేను ఈడే ఉంటాను. ఆయన పాఠం చెప్పుకోవాల గదా. పండుగలకు వస్తా. మీరు రమ్మన్నప్పుడంతా రాలేను."

పేపరు వణికింది. గోడ అవతల నుంచి ఖాలా గొంతు, నెమ్మదిగా, "హౌ" అంది. మా అత్త నన్ను పై నుంచి కిందికి చూసింది, అప్పుడే కొత్తగా పెళ్ళి చూపులకు వచ్చినట్టు. బీగాల గుత్తి చేత్తో పట్టుకుంది, వదిలింది. చివరికి తను తెచ్చిన మూట తీసి నా చేతిలో పెట్టింది.

"అయితే ఈ చింతపండు లోపల పెట్టుకో మే" అంది. "యాడ పెట్టాల్నో నాకు తెలీదు. నీ ఇల్లు."

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఆయన ఆ కాలేజీలో తల నెరిసేదాకా పాఠం చెప్పారు. ఆయన దగ్గర చదివిన వాళ్ళు పెద్ద పెద్ద వాళ్ళయ్యారు, ఓట్లకు నిలబడ్డారు, కొందరు గెలిచారు కూడా. ఇప్పటికీ ఎవరైనా కనబడితే, "అమ్మా, ఆ పొద్దు తడిక వెనకాల..." అని మొదలుపెట్టి నవ్వుతారు. నేను కూడా నవ్వుతాను. క్యారియరు పట్టుకొని, కొంగు నోట్లో కుక్కుకొని, ఆ తడిక సందులో నుంచి చూస్తున్న ఆ సన్నని పిల్ల ఎవరో అనిపిస్తుంది. భయం అంత ఉండీ ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పుడైనా ఆ పిల్లే కనబడితే అడగాలని ఉంది.

పొద్దుపోయింది, ఇంక లేవండి. మీ ఇంట్లో నవ్వులకు కరువు లేకుండా ఉండాలి, పిల్లాజెల్లా నిండుగా తిని హాయిగా నిద్రపోవాలి, మీ ఇంటి కోడళ్ళూ కూతుళ్ళూ ఎక్కడ కాపురం పెట్టినా అది వాళ్ళ సొంత ఇల్లే కావాలి. చల్లగా ఉండండి, నాయనా.